పందొమ్మిది అడుగుల్లో అటక లేదు

మా చిన్నది కాలేజీ హాస్టల్లో చేరిన రెండు నెలలకు, 2022 అక్టోబర్‌లో, మా ఆవిడా నేనూ ఇద్దరమే మొదటిసారి ట్రెయిలర్ తగిలించుకుని ఇంక్స్ లేక్ స్టేట్ పార్కుకి వెళ్లాం. టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గర మా ఇంటి నుంచి గంటన్నర దారి. రాత్రి చలేస్తోందని, ఇంకో దుప్పటి కోసం ఆవిడ వెనక పిల్లల గది తలుపు తీసింది. దుప్పటి కంటే ముందు రెండు ఈత ట్యూబులు, ఒక క్రికెట్ బ్యాటు, ఒక మడత కుర్చీ వచ్చి కాళ్ల మీద పడ్డాయి. కింద మంచం మీదా పై మంచం మీదా పిల్లలకు బదులు సామాను పడుకుని ఉంది.

"ఏవండీ, వచ్చింది మనిద్దరమే కదా. ఇదంతా ఎవరికి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. దుప్పటి కూడా దొరకలేదు. స్వెట్టర్లు వేసుకునే పడుకున్నాం.

ట్రావెల్ ట్రెయిలర్ గురించి తెలియనివాళ్లకు ఒక మాట. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు అది. మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూమ్ అన్నీ ఉంటాయి. పార్కులో మనకిచ్చిన చోట నిలబెట్టి, కరెంటూ నీళ్లూ తగిలిస్తే కాపురం మొదలు. మేం 2017లో కొన్నది ముప్పై అడుగులది. వెనక పిల్లలకు మంచం మీద మంచం, మధ్యలో సోఫా, ముందు మా మంచం. ఆ మంచం కింద బయటి నుంచి తలుపు తెరుచుకునే పెద్ద అర, ట్రెయిలర్ వెడల్పంతా ఈ పక్క నుంచి ఆ పక్కకు.

తెనాలిలో మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో అటక ఉండేది. పగిలిన జాడీ మూత దగ్గర్నుంచి పెళ్లినాటి గంగాళం దాకా అన్నీ దాని మీదే. ఎక్కిన వస్తువు కిందికి దిగినట్టు నాకు గుర్తు లేదు. మా ట్రెయిలర్‌లో ఆ పెద్ద అర సరిగ్గా అలాంటి అటక. ప్రతి ట్రిప్పుకీ ఏదో ఒకటి కొనడం, వాడటం, "ఉండనీ, పనికొస్తుంది" అని లోపలికి తొయ్యడం. ఐదేళ్లు అదే జరిగింది.

తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడ ప్రశ్న బుర్రలో తిరుగుతూనే ఉంది. దారిలో ట్రక్ స్టాప్ దగ్గర క్యాట్ స్కేల్ బోర్డు కనిపిస్తే లోపలికి తిప్పాను. పెద్ద లారీలు తూకం వేసుకునే కాటా అది. మూడు పలకలుంటాయి. ట్రక్కు ముందు చక్రాలు ఒకదాని మీద, వెనక చక్రాలు ఇంకోదాని మీద, ట్రెయిలర్ చక్రాలు మూడో దాని మీద నిలబెట్టి మీట నొక్కితే లోపల రసీదు వస్తుంది. తర్వాత ట్రెయిలర్‌ని పక్కన విప్పేసి ట్రక్కును ఒక్కదాన్నే మళ్లీ తూచాలి. ట్రక్కు బరువుల్లో వచ్చిన తేడా ఏదైతే ఉందో, అదే ట్రెయిలర్ ముక్కు మన హిచ్ (ట్రక్కు వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు. దాన్నే టంగ్ వెయిట్ అంటారు.

రసీదులు రెండూ స్టీరింగ్ మీద పెట్టుకుని లెక్క వేశాను. ట్రక్కు ఒక్కటే, మా ఇద్దరితో, వెనక తొట్టిలో సామానుతో 6,180 పౌండ్లు. ట్రెయిలర్ తగిలిస్తే ట్రక్కు చక్రాల మీద 7,110. అంటే టంగ్ వెయిట్ 930. ట్రెయిలర్ మొత్తం 7,220 పౌండ్లు, సుమారు 3,275 కిలోలు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఖాళీ బరువు 5,900. మిగతా 1,320 పౌండ్లూ మేం ఎక్కించినవే. అందులో ట్యాంకులో నీళ్లు, గ్యాసు తీసేసినా వెయ్యి పౌండ్ల పైమాటే.

అసలు షాక్ అది కాదు. ట్రెయిలర్‌ని లాగగలదా అని మాత్రమే అందరూ చూస్తారు, నేనూ అదే చూశాను. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన పసుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని అందులో రాసి ఉంటుంది. నా ట్రక్కుకి 1,580 పౌండ్లు. టంగ్ వెయిట్ కూడా దానిలోకే వస్తుంది. మేమిద్దరం, తొట్టిలో సామాను, హిచ్, టంగ్ వెయిట్ అన్నీ కలిపితే 1,690 తేలింది. ఇద్దరమే ఉంటేనే 110 పౌండ్లు ఎక్కువ. పిల్లలిద్దరూ కూడా ఉన్న రోజుల్లో ఎంత ఉండేదో లెక్క వెయ్యలేదు. వేస్తే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

చిన్న ట్రెయిలర్ కొనుక్కుందామని అనుకోవడానికి ఇదొక్కటే కారణం కాదులెండి. 2021లో బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్లినప్పుడు కింద రియో గ్రాండ్ విలేజ్‌లో దిగాం. పైన కొండల మధ్య చీసోస్ బేసిన్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది, 5,400 అడుగుల ఎత్తున, చల్లగా. కానీ ఆ రోడ్డు మెలికలు తిరుగుతుంది. ఇరవై అడుగులు దాటిన ట్రెయిలర్లు తేవద్దని పార్కువాళ్లే చెబుతారు. రోజూ ముప్పై మైళ్లు ట్రక్కులో పైకి వెళ్లి సూర్యాస్తమయం చూసి, చీకట్లో కిందికి దిగేవాళ్లం. అక్కడ చిన్న ట్రెయిలర్ ముందు కుర్చీలు వేసుకుని టీ తాగుతున్న ఒక ముసలి జంటను చూసి మా ఆవిడ, "వాళ్లకి ఎంత హాయిగా ఉందో చూడండి" అంది. ఆ మాట నేను మర్చిపోయాను. తను మర్చిపోలేదు.

అయినా వెంటనే అమ్మెయ్యలేదు. ముందు మాకు నిజంగా ఏం కావాలో తేల్చుకుందామని ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. నీలం రంగు పెయింటర్స్ టేపు కొని, ట్రెయిలర్‌లో ఉన్న ప్రతి వస్తువుకీ చిన్న ముక్క అంటించాం. గరిటెకి, దుప్పటికి, సుత్తికి, ఆఖరికి కారమ్స్ బోర్డుకి కూడా. వాడినప్పుడు టేపు పీకెయ్యాలి, అంతే. ఆ చలికాలంలో మూడు ట్రిప్పులు తిరిగాం. గార్నర్ పార్కు ఒకసారి, పాలో డ్యూరో ఒకసారి, మళ్లీ ఇంక్స్ లేక్.

మార్చిలో ఇంటి ముందు డ్రైవ్‌వేలో రెండు పెద్ద టార్పాలిన్లు పరిచి ట్రెయిలర్ మొత్తం ఖాళీ చేశాం. శనివారం పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెడితే సాయంత్రం నాలుగైంది. పక్కింటాయన కుక్కను తిప్పుతూ ఆగి, ఇల్లు ఖాళీ చేస్తున్నారా అని అడిగాడు.

టేపు ఊడినవి ఒక టార్పాలిన్ మీద, ఊడనివి రెండో దాని మీద. రెండోది ముందే నిండిపోయింది. అందులో ఏమున్నాయంటే, దుప్పట్లు పదకొండు (ఆ రోజు రాత్రి దొరకనివి ఇవే), చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ దిమ్మెల సెట్లు మూడు, నీళ్ల పైపులు నాలుగు, మడత బల్లలు రెండు, ఫ్లాష్‌లైట్లు తొమ్మిది. తొమ్మిదింట్లో వెలిగేవి నాలుగు. పన్నెండు మందికి సరిపడే మెలమైన్ కంచాల సెట్టు. మా ట్రెయిలర్‌లో పన్నెండు మంది ఏనాడూ తినలేదు, పన్నెండు మంది నిలబడటానికే చోటు లేదు.

ఇలాంటప్పుడు డబ్బు పెట్టి కొన్నవి వదులుకోవడమే కష్టమని నేను అనుకున్నాను. కాదు. "ఎప్పుడైనా అవసరమైతే" అన్న మాట ఉందే, దాన్ని వదులుకోవడమే కష్టం. పోర్టబుల్ గ్యాస్ గ్రిల్ ఇంకా బాక్సులోనే ఉంది. మేం దాని మీద ఏం కాలుస్తాం? వంకాయ కాల్చుకోవచ్చని కొన్నాను. ఆరేళ్లలో ఒక్క వంకాయ కూడా దాని మీదికి ఎక్కలేదు.

డాలస్ నుంచి మా తోడల్లుడు ఆదివారం వచ్చాడు. వాళ్ల పిల్లలు చిన్నవాళ్లు. రెండో టార్పాలిన్ చుట్టూ ఒకసారి తిరిగి, "అన్నయ్యా, ఇది సంతలా ఉంది" అన్నాడు. గ్రిల్, ట్యూబులు, కంచాలు, కుర్చీలు కారులో ఎక్కించుకుని వెళ్లాడు. వాళ్లావిడ ఫోన్ చేసి మా ఆవిడతో, "అక్కా, మీ అటక మా ఇంటికి మార్చావా?" అందట.

పాత ట్రెయిలర్ అమ్మకం గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక డీలర్ దగ్గరికి తీసుకెళ్తే, మేం అనుకున్న దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ చెప్పాడు. సొంతంగా అమ్ముదామని నిర్ణయించుకున్నాం. వసంతంలో కొనేవాళ్లు ఎక్కువగా తిరుగుతారు, అది కలిసొచ్చింది. పైకప్పు మీద అతుకుల దగ్గర సీలెంట్ మళ్లీ పూశాను. టైర్ల మీద తయారీ వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి, వాటికి ఫోటోలు తీసి పెట్టాను. క్యాట్ స్కేల్ రసీదులు కూడా చూపించాను. మూడో వారంలో ఇద్దరు పిల్లలున్న కుటుంబం వచ్చింది. వాళ్లబ్బాయి నేరుగా పై మంచం ఎక్కి పడుకుని, సీలింగ్ మీద మా పిల్లలు అంటించిన రేడియం నక్షత్రాలు చూసి దిగనన్నాడు. బేరం అక్కడే తెగింది. డబ్బు మాత్రం వాళ్ల బ్యాంకుకి కలిసే వెళ్లి, నా కళ్లముందు చెక్కు రాయించుకున్నాకే టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద సంతకం చేశాను. బండి అమ్మేశానని టెక్సస్ డీఎంవీకి (బండ్ల రిజిస్ట్రేషన్ చూసే శాఖ) తెలియజెయ్యడం మర్చిపోకూడదు. లేకపోతే తర్వాత వాళ్లకి టోల్ బిల్లు పడినా మన ఇంటికే వస్తుంది.

కొత్తది వెతకడానికి మేం పెట్టుకున్న షరతులు మూడే. ముక్కు నుంచి వెనక బంపర్ దాకా ఇరవై అడుగుల లోపు ఉండాలి. మంచం ఎప్పుడూ మంచంలాగే ఉండాలి, రోజూ రాత్రి బల్ల విప్పి మంచం చేసుకునే ఓపిక మా నడుములకు లేదు. మూడోది ఆవిడది. పొయ్యి పక్కన కూరగాయలు తరుక్కునేంత గట్టు కావాలి. షోరూముల్లో చిన్న ట్రెయిలర్లన్నీ బొమ్మరిళ్లలా ముద్దొస్తాయి. ఆవిడ మాత్రం ఇంటి నుంచి ఒక సంచీ తెచ్చుకునేది. అందులో ప్రెషర్ కుక్కర్, పోపుల పెట్టె, కత్తిపీట బదులు వాడే చెక్క. ప్రతి ట్రెయిలర్‌లో అవి తీసి పెట్టి, ఎదురుగా నిలబడి, ఉత్తుత్తి వంట చేసేది. ఒక సేల్స్‌మన్ వింతగా చూశాడు. నేను పడుకుని, లేచి, బాత్‌రూమ్‌కి నడిచి చూసేవాణ్ని. కొన్నిట్లో మంచం మూలకు ఉంటుంది, గోడ పక్కన పడుకున్నవాళ్లు రాత్రి లేవాలంటే రెండోవాళ్ల మీద నుంచి దాటాలి. యాభై దాటాక అలాంటి విన్యాసాలు ఎందుకు.

మే నెలలో పందొమ్మిది అడుగులది దొరికింది. ఒకే ఇరుసు. తలుపు లోపల దీనికీ ఒక పసుపు స్టిక్కర్. సామాను 850 పౌండ్లు మించకూడదు, ట్యాంకు నిండా నీళ్లు పోస్తే 250 పౌండ్లు అని. నీళ్లు గ్యాలన్‌కి ఎనిమిది పౌండ్ల పైచిలుకు బరువు. కరెంటూ నీళ్లూ లేని చోటికి వెళ్లాలంటే ట్యాంకు నింపుకోవాలి కాబట్టి మాకు మిగిలేది 600. పాతదాంట్లో మోసిన వెయ్యి పౌండ్లు ఇక్కడ కుదరవు. చోటు లేకపోతే ఎలాగోలా కుక్కొచ్చు, బరువుని కుక్కలేం.

ఇంట్లో బాత్‌రూమ్ తూకం మిషను తెచ్చి గ్యారేజీలో పెట్టాను. కొత్త ట్రెయిలర్‌లోకి వెళ్లే ప్రతి సంచీ దాని మీద ఎక్కాలి. నేను సంచీ పట్టుకుని ఎక్కి, నా బరువు తీసేసి, ఆవిడ నోటుపుస్తకంలో రాసేది. రెండో వారానికల్లా సామాను 410 పౌండ్లకు వచ్చింది. నా బరువు కూడా రెండు పౌండ్లు తగ్గింది, ఎక్కీ దిగీ.

సర్దడంలో మొదట చేసిన తప్పు ప్లాస్టిక్ డబ్బాలు. అందంగా, ఒకే సైజువి ఆరు కొన్నాను. ఈ ట్రెయిలర్ అరలకు మూలలు వంకర, అడుగున చక్రం గుమ్మటం పొడుచుకొస్తుంది, ఒక చోట నీళ్ల పంపు. చదరపు డబ్బా పెడితే చుట్టూ చోటు వృథా. డబ్బాలు తిరిగిచ్చేసి గుడ్డ సంచులు కొన్నాను. అవి అర ఎలా ఉంటే అలా ఒదుగుతాయి. బట్టలకు మంచం పక్కన ఇద్దరికీ చెరొక సంచీ, అంతే. అందులో పట్టనిది రాదు. దుప్పట్లు మడిచి దిండు గలీబుల్లో దూర్చాం, పగలు అవే సోఫా దిండ్లు. చెప్పులకు తలుపు పక్కన జేబుల గుడ్డ ఒకటి వేలాడదీశాం. పాతదాంట్లో మనిషికి నాలుగు జతలు ఉండేవి, ఇప్పుడు మనిషికి ఒకటి కాళ్లకి, ఒకటి జేబులో.

బయటి సామాను చాలావరకు ట్రక్కు తొట్టిలోకి మార్చాను. పైన మూత ఉంది కాబట్టి వానకు తడవదు. కుర్చీలు, చాప, పనిముట్లు, దిమ్మెలు అన్నీ అందులోనే. ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. తాగే నీళ్ల పైపూ, మురుగు పైపూ ఎప్పుడూ ఒకే చోట పెట్టకూడదు. మురుగు పైపుకీ చేతి తొడుగులకీ మూత బిగుసుకునే బకెట్ ఒకటి వేరే పెట్టాను.

ఆ బకెట్ ఎక్కడ పెట్టాలి అన్న దగ్గరే ఒళ్లు జలదరించే పని చేశాను.

ట్రెయిలర్ వెనక బంపర్‌కి ఒక పెట్టె బిగించుకుంటే ఎంత చోటు కలిసొస్తుందో అనిపించింది. బిగించాను. మురుగు బకెట్, పనిముట్ల సంచీ, చక్రాల దిమ్మెలు, ఇంకా మా ఆవిడ ఇనప పెనం. ఆ పెనం వాళ్లమ్మగారిది. ఏడు పౌండ్లు ఉంటుంది. లోపల పెడితే అల్మరా తలుపు తెరుచుకుంటోందని వెనక పెట్టెలో పడేశాను. జూన్‌లో ఫోర్ట్ డేవిస్ బయల్దేరాం. ఐ-10 మీద జంక్షన్ ఊరు దాటాక అరవై అయిదు మైళ్ల వేగంలో వెళ్తుంటే ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటింది. దాని గాలికి ట్రెయిలర్ కుడికి జరిగింది, తిరిగి ఎడమకి వచ్చింది, అక్కడ ఆగకుండా మళ్లీ కుడికి. అద్దంలో చూస్తే నా వెనక ఇల్లు తోక ఊపుతోంది. ఊపు ఊపుకీ పెరుగుతోంది. ట్రక్కు వెనక భాగాన్ని కూడా పట్టి లాగుతోంది. బ్రేకు తొక్కాలని కాలు దానంతట అదే లేచింది. తొక్కితే ట్రక్కు ఆగుతుంది, ట్రెయిలర్ ముందుకు తోసుకొస్తుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, డాష్‌బోర్డ్ కింద ట్రెయిలర్ బ్రేకుకి విడిగా ఉండే మీటను వేళ్లతో మెల్లగా పిండాను. వెనకది ఒక్కటే బ్రేకు పడి, తాడు బిగుసుకున్నట్టు వరసలోకి వచ్చింది. మొత్తం ఆరేడు సెకన్లు అయి ఉంటుంది. మా ఆవిడ చేతిలో ఉన్న చేగోడీ పొడి అయిపోయింది.

తర్వాతి ఎగ్జిట్‌లో దిగి పెట్రోల్ బంకు వెనక ఆపాను. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత ఆవిడ, "వెనక పెట్టె పెట్టాకే కదండీ ఇలా అయింది?" అంది. ఫిజిక్స్ చదివింది నేను, చెప్పింది తను.

కారణం తూకంలోనే ఉంది. ట్రెయిలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం దాకా ముక్కు మీద పడాలి. ఒకే ఇరుసు ఉన్నది తక్కెడ లాంటిది. ఇరుసుకి వెనక బరువు వేస్తే ముందు ముక్కు తేలికవుతుంది. అందులోనూ కొసన వేసిన బరువు ఊగడం మొదలుపెడితే ఆగదు. ఇంటికొచ్చాక టంగ్ స్కేలు కొని, అదే సామానుతో కొలిచాను. మొత్తం 3,560 పౌండ్లకు ముక్కు మీద 285. ఎనిమిది శాతం. పాత ట్రెయిలర్ గురించి అన్ని లెక్కలు వేసినవాణ్ని, కొత్తదానికి పెట్టె బిగించిన రోజు ఈ ఒక్క లెక్క వెయ్యలేదు.

ఆ బంకు వెనకే పెట్టె ఖాళీ చేసి సామానంతా ట్రక్కు తొట్టిలో వేశాను. ఫోర్ట్ డేవిస్‌కి యాభై అయిదు దాటకుండా వెళ్లాం. ఇంటికొచ్చి పెట్టె విప్పేశాను. బరువైనవన్నీ ఇరుసుకి కాస్త ముందు, నేలకి ఆనుకుని ఉండేలా సర్ది మళ్లీ కొలిస్తే 430 వచ్చింది, పన్నెండు శాతం. అప్పటి నుంచి లారీలు దాటినప్పుడు చిన్న తోపు తెలుస్తుంది, అంతే. నా గుండె మాత్రం ఇప్పటికీ అద్దంలోకి చూడమంటుంది.

వంటగది సంగతి ఆవిడదే. నేను వేలు పెట్టలేదు, పెట్టనివ్వలేదు. మూడు లీటర్ల కుక్కర్, అందులోనే ఇమిడే రెండు గిన్నెలు, చిన్న గిన్నెలో పోపుల పెట్టె. బయట నుంచి చూస్తే ఒక్క కుక్కర్. ఇడ్లీలకు కుక్కర్‌లో పట్టే రెండు రేకుల స్టాండు. మిక్సీ ఇంట్లోనే ఉండిపోయింది. బ్యాటరీ మీద దాన్ని తిప్పాలంటే ఇన్వర్టర్ పెద్దది కావాలి, దాని బరువు వేరే. బదులుగా కందిపొడి, నువ్వులపొడి ఇంట్లో కొట్టుకుని తెస్తుంది. చింతపండు గుజ్జు ఐసు ట్రేలో గడ్డ కట్టించి, నాలుగు ముక్కలు డబ్బాలో. చారుకి ఒక ముక్క. ఆవకాయ గాజు సీసాలోంచి వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది. ఆగస్టులో ఒకసారి దాన్ని ట్రెయిలర్‌లోనే మర్చిపోయి, ట్రెయిలర్‌ని అద్దెకి నిలిపే స్టోరేజీ లాట్‌లో పెట్టేశాం. టెక్సస్ ఎండకి నూనె పొంగి మూత కింద నుంచి కారి, డ్రాయర్ చెక్క ఇప్పటికీ ఆవ వాసన వేస్తుంది. కొందరు ఇలాంటి చోట కాఫీ గింజలు పెడతారు వాసనకి. మాకు ఖర్చు తగ్గింది.

పెరుగు తోడుకోవడం పెద్ద సమస్య అవుతుందనుకున్నాం. కొండల్లో రాత్రి చలికి పాలు పాలలాగే ఉంటున్నాయి. హీటర్ గాలి వచ్చే జాలీ ముందు గిన్నెను తువ్వాలులో చుట్టి పెడితే పొద్దుటికి గడ్డ పెరుగు. పెద్ద ట్రెయిలర్‌లో హీటర్ నుంచి వంటగది దూరం. ఇక్కడ అన్నీ చేతికందే దూరమే.

ఇంకొకటి చెప్పాలి. ఈ సైజులో టాయిలెట్, షవర్ ఒకే చిన్న గదిలో ఉంటాయి. షవర్ వేస్తే అంతా తడుస్తుంది. అమెరికన్లు దీన్ని పెద్ద లోపంగా చెబుతారు, సేల్స్‌మన్ కూడా క్షమాపణ అడుగుతున్నట్టే చూపించాడు. మా ఆవిడ లోపలికి తొంగి చూసి, "మన ఊళ్లో బాత్‌రూమే కదా" అంది. మొదటి రోజే చిన్న బకెట్, చెంబు వచ్చి చేరాయి. షవర్ కంటే చెంబుతో నీళ్లు సగం కూడా ఖర్చు కావు. ట్యాంకులో నీళ్లు లెక్కపెట్టుకోవాల్సిన చోట అదే పెద్ద సుఖం.

చిన్నది కొంటే ఇంటి దగ్గరే పెట్టుకోవచ్చని కొందరు అనుకుంటారు. మా కాలనీ అసోసియేషన్ డ్రైవ్‌వేలో ట్రెయిలర్ ఒప్పుకోదు, గ్యారేజీ తలుపు ఏడు అడుగులే, ట్రెయిలర్ అంతకంటే ఎత్తు. స్టోరేజీ లాట్ అద్దె తప్పలేదు, కాకపోతే చిన్న చోటు కాబట్టి అద్దె తగ్గింది. అక్కడ పెట్టేముందు ఫ్రిజ్ తలుపు తెరిచి తువ్వాలు అడ్డం పెట్టడం, తినేవి ఏవీ లోపల ఉంచకపోవడం అలవాటైంది. ఆవకాయ తర్వాత మరీ.

గ్యారేజీ విషయంలో మాత్రం నేను గెలిచానని చెప్పలేను. ట్రెయిలర్‌లో పట్టనివి ఒక్కొక్కటిగా గ్యారేజీ అరల్లోకి చేరాయి. ఒక రోజు ఆవిడ నీలం టేపు చుట్ట తెచ్చి నా పనిముట్ల బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఏమీ అనలేదు.

2023 నవంబర్‌లో చీసోస్ బేసిన్ వెళ్లాం. చోటు ఆరు నెలల ముందే బుక్ చేశాను. మెలికల దగ్గర అరచేతులు చెమట పట్టాయి కానీ వెనక ఇల్లు బుద్ధిగా వచ్చింది. అక్కడ కరెంటూ నీళ్లూ తగిలించుకునే ఏర్పాటు ఉండదు, 250 పౌండ్ల నీళ్లూ మోసుకునే ఎక్కాం. ప్రతి చోటా తిండి దాచుకోవడానికి ఇనప పెట్టె ఒకటి ఉంటుంది, ఎలుగుబంట్లు తియ్యలేని గొళ్లెంతో. ట్రెయిలర్ లోపల పెట్టుకుంటే దాని అవసరం అంతగా లేదు. కానీ ఆ పెట్టెను చూడగానే మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఉల్లిపాయలు, బియ్యం సంచీ, చేగోడీల డబ్బా అందులోకి మార్చి లోపల గట్టంతా ఖాళీ చేసుకుంది. మూడు రోజులకి ఎలుగుబంట్ల అటక మాది.

మా చిన్నది సెలవలకి అక్కడికే వచ్చింది. పడుకోవడానికి చోటు లేక బయట చిన్న టెంటు వేసుకుంది. "నాన్నా, నన్ను ఇంట్లోంచి గెంటేశారు" అని రెండు రోజులు ఆట పట్టించింది. మూడో రోజు పొద్దున్న చలికి దుప్పటి చుట్టుకునే లోపలికి వచ్చి, మా మంచం కొసన ఒదిగి పడుకుంది. ముగ్గురం పట్టాం. కదలడానికి మాత్రం ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఏడాది దాటింది. కొత్త ట్రెయిలర్‌లోకి వెళ్లిన ప్రతి వస్తువుకీ మళ్లీ టేపు అంటించాం, ఒక్కొక్కటే ఊడిపోయింది. మొన్న వేసవి మొదట్లో చూస్తే ఒక్కదానికే మిగిలింది, ఇనప పెనానికి. దాని మీద ఈ ట్రెయిలర్‌లో ఒక్క దోశ కూడా పడలేదు. పిండి రుబ్బడానికి మిక్సీ లేదు, ఆ పెనం కాగేలోపు గ్యాసు సగం అయిపోతుంది. ఏడు పౌండ్లు. నేను ఏమీ అనలేదు కానీ నోటుపుస్తకంలో దాని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాను.

పోయిన వారం ట్రిప్పుకి సర్దుతుంటే పెనం మీద టేపు కనిపించలేదు. సరిగ్గా ఇరుసు పైన, చాప కింద, గుడ్డలో చుట్టి ఉంది.

"దోశలేసావా ఎప్పుడైనా?" అన్నాను.

"లేదండీ. టేపు పీకేశాను" అంది.